వెబ్‌సైటు నాణ్యతను తేల్చడం ఎలా: ఫోన్ చేతిలో పట్టుకొని చేయాల్సిన పరీక్షలు

వెబ్‌సైటు బాగుందా లేదా అని అడిగితే చాలామంది హోమ్ పేజీ తెరిచి, రంగులూ బొమ్మలూ చూసి తీర్పు చెప్పేస్తారు. సైటు తయారు చేయించుకునే సంస్థలు బిల్లు చెల్లించే ముందు చేసే పరీక్ష కూడా తరచుగా అంతకు మించదు. ఆఫీసు వైఫైలో, పెద్ద తెర మీద, తయారు చేసినవారే ఒక్కొక్క పేజీ తిప్పి చూపిస్తుంటే తలూపి ఊరుకుంటారు. ఇల్లు కొనేవాడు గోడల రంగు ఒక్కటే చూడడు, కుళాయి తిప్పి నీళ్లు వస్తున్నాయా అని కూడా చూస్తాడు. వెబ్‌సైటు విషయంలోనూ ఆ పాటి పట్టుదల అవసరం.

పాఠశాలకో, గ్రంథాలయానికో, చిన్న వ్యాపారానికో సైటు చేయించుకుంటున్నవారికి, ఒక సైటులో కనిపించిన సమాచారాన్ని నమ్మవచ్చో లేదో తేల్చుకోవాల్సినవారికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది. ఉదాహరణ కోసం రైతులకు పెట్టుబడి సాయం ఇచ్చే ప్రభుత్వ పథకాల గురించి వివరించే తెలుగు పేజీలను తీసుకుంటున్నాను. డబ్బు, ఆధార్ వివరాలు, బ్యాంకు ఖాతా అన్నీ ముడిపడిన చోట సైటు నాసిరకంగా ఉంటే నష్టం చదివేవారిదే. శోధన ఫలితాలను అంచనా వేసే మనుషుల కోసం గూగుల్ రాసిన మార్గదర్శకాలు ఆరోగ్యం, ధనం, భద్రత వంటి విషయాల పేజీలను ‘మీ డబ్బు లేదా మీ జీవితం’ అనే ప్రత్యేక వర్గంలో పెట్టి, వాటిని మిగతావాటికంటే కఠినంగా తూచమని చెబుతాయి.

కావాల్సిన సామగ్రి తక్కువే: మూడు నాలుగేళ్ల కిందట కొన్న ఓ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్, మొబైల్ డేటా, ఒక నోటు పుస్తకం, ఒకటి రెండు పరీక్షలకు కంప్యూటర్.

మొదటి మెట్టు: సైటు తెరవకముందే ప్రశ్నలు రాసుకోవాలి

సైటు చూశాక ప్రశ్నలు రాస్తే, తెలియకుండానే ఆ సైటు జవాబు చెప్పగలిగిన ప్రశ్నలే రాస్తాం. కాబట్టి ముందుగానే, ఆ సైటుకు వచ్చే మనిషి ఏ పని మీద వస్తాడో ఊహించి మూడు ప్రశ్నలు కాగితం మీద పెట్టాలి. మన ఉదాహరణకైతే ఇవి సరిపోతాయి: రెండెకరాలున్న రైతుకు ఏడాదికి ఎంత వస్తుంది? ఏ కాగితాలు కావాలి? జాబితాలో పేరు లేకపోతే ఎవరిని కలవాలి? ఈ ప్రశ్నలను సైటు తయారు చేసినవారి చేత మాత్రం రాయించకూడదు.

తరువాత ఆ సైటును ఎన్నడూ చూడని మనిషికి ఫోన్ ఇచ్చి, ప్రశ్నలు చదివి వినిపించి, మౌనంగా పక్కన కూర్చోవాలి. ‘పైన మెనూ ఉంది చూడండి’ అని ఒక్క మాట అందించినా పరీక్ష చెడిపోయినట్టే. ఆ మనిషి ఎక్కడ ఆగాడు, ఎక్కడ వెనక్కి వెళ్లాడు, వెతికే పెట్టెలో ఏ మాట టైపు చేశాడు అన్నవి రాసుకోవాలి. ఇందుకు పెద్ద సర్వే ఏమీ అక్కర్లేదు. సైట్ల వాడుక సౌలభ్యం మీద దశాబ్దాలుగా పనిచేసిన జాకబ్ నీల్సన్, ఒక విడతకు అయిదుగురితో పరీక్షిస్తే ముఖ్యమైన లోపాల్లో ఎక్కువ భాగం బయటపడతాయని 2000లోనే వాదించారు. ముగ్గురితో చేసినా ఏమీ చేయకపోవడం కంటే ఎంతో మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాలి. జనం చాలావరకు గూగుల్ ఫలితం నుంచో, వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నుంచో నేరుగా లోపలి పేజీలో దిగుతారు. అందువల్ల పరీక్షను హోమ్ పేజీతో కాకుండా లోపలి పేజీతో మొదలుపెట్టాలి. అక్కడి నుంచి, ఇది ఎవరి సైటు, నేను ఇందులో ఎక్కడున్నాను, మొదటికి ఎలా వెళ్లాలి అన్న మూడు సంగతులూ అర్థం కావాలి.

రెండో మెట్టు: సైటు ఎవరిదో సైటు బయట వెతకాలి

స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ప్రచురించిన అధ్యయనంలో చరిత్ర ఆచార్యులను, విద్యార్థులను, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవారిని కూర్చోబెట్టి, తెలియని సైట్లను ఎలా అంచనా వేస్తారో గమనించారు. బాగా చదువుకున్న ఆచార్యులు కూడా సైటులోనే కిందికీ పైకీ తిరుగుతూ, గంభీరమైన పేరుకూ అందమైన లోగోకూ మోసపోయారు. నిజనిర్ధారకులు మాత్రం పేజీని పూర్తిగా చదవకుండానే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చినవారు వారే. ‘మా గురించి’ పేజీలో రాసుకున్నది వారి మాటే కాబట్టి, దానికి విలువ కట్టాల్సింది బయటి సాక్ష్యంతోనే.

బయటికి వెళ్లేముందు అడ్రస్ బార్ చదవడం నేర్చుకోవాలి. https:// తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న భాగం చివరన ‘డాట్ గవ్ డాట్ ఇన్’ లేదా ‘డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్’ ఉంటే అది భారత ప్రభుత్వ వ్యవస్థల సైటు. ‘గవ్’ అన్న అక్షరాలు పేరు మధ్యలో ఎక్కడో ఉండి, చివరన ‘డాట్ కామ్’ ఉంటే అది ఎవరైనా కొనుక్కోగలిగిన చిరునామా. ‘డాట్ ఓఆర్‌జీ’ కూడా అంతే, డబ్బు కట్టినవారికల్లా ఇస్తారు. బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఒక మంచి గుర్తు దొరికింది: 2025 అక్టోబరు 31 లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు దేశంలోని బ్యాంకులను ఆదేశించింది.

అడ్రస్ బార్ పక్కన తాళం గుర్తు చూసి ధైర్యపడే అలవాటు ఇంకా చాలామందికి పోలేదు. ఫోన్‌కూ సైటుకూ మధ్య సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది, అవతల కూర్చున్నది దొంగా దొరా అన్నది దానికి తెలియదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివరి నుంచి ఇందుకు కావాల్సిన ధ్రువపత్రాలను ఉచితంగా ఇస్తోంది కనుక మోసగాళ్ల సైట్లకూ తాళం ఉంటుంది. ఆ గుర్తు జనంలో తప్పుడు భరోసా కలిగిస్తోందనే గూగుల్ 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజర్ నుంచి దాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టింది. ‘సురక్షితం కాదు’ అని బ్రౌజర్ హెచ్చరించే సైటును వదిలేయాలి సరే, ఆ హెచ్చరిక లేనంత మాత్రాన నమ్మకూడదు.

సైటు ఏదైనా అమ్ముతుంటే, 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇది చదివి వదిలేసే విషయం కాదు, పరీక్షించే విషయం. ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, ఇచ్చిన చిరునామాకు ఈమెయిల్ పంపి చూడాలి. జవాబు రాని ఫోన్ నంబరు పేజీ నిండా ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చివరిగా, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో సైటు చిరునామా ఇచ్చి, పాత కాపీలు ఉన్నాయేమో చూడాలి. నేడు పథకాల వివరాలు చెబుతున్న సైటు రెండేళ్ల కిందట సినిమా డౌన్‌లోడ్ల దుకాణంగా కనిపిస్తే ఆపై పరీక్షలతో పనిలేదు.

మూడో మెట్టు: మనకు బాగా తెలిసిన సంగతితో సమాచారాన్ని పట్టి చూడాలి

సైటులోని విషయం మనకు కొత్తదైతే, అందులోని తప్పు మన కంటికి ఆనదు. అందుకే ముందుగా, మనకు క్షుణ్ణంగా తెలిసిన చిన్న విషయం మీద ఆ సైటు ఏం రాసిందో వెతకాలి. మన ఊరు, మన వృత్తి, మనం నిజంగా చేసిన దరఖాస్తు ఏదైనా కావచ్చు. అక్కడ తడబడిన సైటును తెలియని విషయంలో నమ్మడానికి కారణం ఉండదు.

రైతు భరోసా అన్న పేరునే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ‘వైఎస్సార్ రైతు భరోసా’ మొదలైంది; కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 రూపాయలతో కలిపి కుటుంబానికి ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చేవారు. ప్రభుత్వం మారాక అక్కడ ఆ పేరు పోయి ‘అన్నదాత సుఖీభవ’ వచ్చింది, 2025 ఆగస్టులో తొలి విడత పడింది, పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000 రూపాయలు. తెలంగాణలో 2018లో మొదలైన ‘రైతుబంధు’ స్థానంలో 2025 జనవరిలో ‘రైతు భరోసా’ వచ్చింది, అది కుటుంబానికి కాక ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయలు. అంటే రెండు రాష్ట్రాలు, వేర్వేరు కాలాలు, వేర్వేరు లెక్కలు, పేరు మాత్రం దాదాపు ఒకటే. ఏ రాష్ట్రమో, ఏ సంవత్సరమో చెప్పకుండా ‘రైతు భరోసా డబ్బులు జమ’ అని శీర్షిక పెట్టిన పేజీ, లోపలి ప్రతి వాక్యం నిజమే అయినా, కర్నూలు రైతుకో కరీంనగర్ రైతుకో ఒకరికి తప్పు సమాచారమే ఇస్తుంది. నాణ్యమైన పేజీ ఈ తేడాను మొదటి రెండు వాక్యాల్లోనే తేల్చేస్తుంది.

ఇలాంటి నాసిరకం పేజీ ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే, గుర్తుపట్టడం సులువవుతుంది. శీర్షికలో ‘కొత్త జాబితా విడుదల, ఇలా చెక్ చేసుకోండి’ అని ఉంటుంది. మొదటి పేరాలో వ్యవసాయం దేశానికి ఎంత ముఖ్యమో చెబుతారు. రెండో పేరా శీర్షికనే సాగదీస్తుంది. దాని కింద ఆకుపచ్చ రంగులో ‘డౌన్‌లోడ్’ అని పెద్ద బటన్ ఉంటుంది, నొక్కితే అది ప్రకటన. ఆపైన ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ అంటూ అవే వాక్యాలు మళ్లీ వస్తాయి. ఎనిమిదో పేరాలో, పూర్తి వివరాలకు అధికారిక వెబ్‌సైటును సందర్శించమంటారు, లింకు మాత్రం ఉండదు. మొదటి మెట్టులో రాసుకున్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ఎన్నిసార్లు తెర జరపాల్సి వచ్చిందో లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. నా అంచనాలో ఇంతకు మించిన కొలత లేదు.

తేదీని కూడా అనుమానంగానే చూడాలి. లోపల ఏమీ మార్చకుండా, పైన ‘నవీకరించిన తేదీ’ మాత్రం రోజూ మార్చే సైట్లు చాలా ఉన్నాయి. పేజీ తలమీద వేసిన తేదీ కంటే లోపల ప్రస్తావించిన చివరి సంఘటన ఏ నాటిదో చూడటం మంచిది. అలాగే, ఆధారంగా ఇచ్చిన లింకులను నొక్కి చూడాలి: అవి అసలు జీవో దగ్గరికో శాఖ పేజీకో తీసుకెళ్తున్నాయా, లేక ఇలాంటిదే మరో సైటుకా? తప్పు జరిగినప్పుడు సవరణను పేజీలో చెప్పుకునే సైటును, చప్పుడు చేయకుండా దిద్దేసే సైటు కంటే పై మెట్టున ఉంచాలి.

గూగుల్ మార్గదర్శకాలు నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత అన్న మూడింటికి 2022 డిసెంబరులో ‘అనుభవం’ అన్న నాలుగోదాన్ని చేర్చాయి. నాలుగింటిలోనూ విశ్వసనీయతదే పెద్దపీట. అనుభవాన్ని పట్టుకోవడం తేలికే. ఆ పని నిజంగా చేసినవారు రాస్తే, ఏ తెర దగ్గర ఏ ఎర్రర్ వస్తుందో, కాగితం ఏ కౌంటర్‌లో అడుగుతారో రాస్తారు. చేయనివారి రాత ‘అవసరమైన పత్రాలను సమర్పించండి’ దగ్గర ఆగిపోతుంది.

నాలుగో మెట్టు: తెలుగు తెలుగులా ఉందా?

తెలుగు పాఠకులకు ఇది కీలకమైన మెట్టు, అయినా అంతర్జాతీయంగా దొరికే నాణ్యతా జాబితాల్లో దీని ఊసే ఉండదు. ఇంగ్లిష్ సైటు కోసం గీసిన నమూనాలో తెలుగును పోసినప్పుడు పగుళ్లు ఎక్కడ వస్తాయో తెలిసి ఉండాలి.

మొదటి పరీక్ష కాపీ చేయడం. పేజీలోని ఒక వాక్యాన్ని వేలితో నొక్కి పట్టి, కాపీ చేసి, ఫోన్‌లోని నోట్స్‌లో పేస్ట్ చేయాలి. తెలుగు తెలుగుగానే వస్తే సరే. రోమన్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తే అది యూనికోడ్ (అన్ని పరికరాలూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల ప్రమాణం) కాని పాత ఫాంటులో ఉన్నట్టు. అసలు ఎంచుకోవడమే కుదరకపోతే, అది అక్షరాల రూపంలో లేని బొమ్మ కావచ్చు. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉన్నా, తొలినాళ్ల తెలుగు పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వారు, ఎవరి అమరిక వారు వాడారు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చదవడానికి ఫైర్‌ఫాక్స్‌కు ‘పద్మ’ అనే ప్రత్యేక పొడిగింపు కావాల్సి వచ్చింది. ఆ రోజులు పోయాయి అనుకుంటాం గానీ, పీడీఎఫ్‌లలో ఆ అవశేషాలు ఇంకా ఉన్నాయి. తెర మీద చక్కగా కనిపించే తెలుగు పీడీఎఫ్‌లో ఒక మాటను వెతికి చూడండి. కళ్లముందే ఉన్న మాట ‘దొరకలేదు’ అని వస్తే, గూగుల్‌కూ అంధులకు తెర చదివి వినిపించే రీడర్‌కూ కూడా ఆ పత్రం లేనట్టే.

రెండో పరీక్ష ఒత్తులది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘వస్త్రాలు’, ‘జ్ఞానం’ వంటి మాటలు శీర్షికల్లో, బటన్లలో, పట్టికల గడుల్లో ఎలా కనిపిస్తున్నాయో చూడాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా పెట్టిన వరుస ఎత్తులో మన కింది ఒత్తులు తెగిపోతాయి, పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. పేరాల్లో కాస్త ఎడం పెట్టినవారు కూడా బటన్లను మరచిపోతారు; ‘రాష్ట్రం ఎంచుకోండి’ అన్న పెట్టెలో ‘ట్ర’ ఒత్తు సగం కోసుకుపోయి కనిపించడం చాలా సాధారణమైన లోపం. ఇంగ్లిష్ పెద్దక్షరాల శీర్షికలకు అందంగా ఉంటుందని అక్షరాల మధ్య ఎడం పెంచే అలవాటు కూడా తెలుగు మాటను ముక్కలు చేస్తుంది. ఫాంటులో బొద్దు రూపం లేనప్పుడు బ్రౌజరే అక్షరాలను బలవంతంగా లావు చేస్తుంది, దాంతో ‘థ’ లోపలి చుక్క మూసుకుపోయి ‘ధ’కూ దానికీ తేడా తెలియదు. అక్షరం పరిమాణం కూడా ఇంగ్లిష్‌తో సమానంగా పెడితే చాలదు, ఒక పిసరు పెద్దదిగా ఉండాలి.

ఫాంటు ఎంపికలో అభిరుచికి చోటుంది, కానీ పనికి తగ్గ ఫాంటు అన్నది అభిరుచి మాత్రమే కాదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, నోటో సాన్స్ తెలుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర శీర్షికలకు నిండుగా ఉంటుంది. వ్యాసమంతా అందులో పెడితే నాలుగో పేరాకే కళ్లు అలసిపోతాయి.

తెలుగు అక్షరాన్ని తెర మీద కూర్చడం యంత్రానికి ఎంత క్లిష్టమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ను కనిపించని ఒక సంకేతంతో కలిపి రాసిన ఒక్క కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి, ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేయాల్సి వచ్చింది. కాబట్టి తెలుగు సైటును కనీసం ఒక ఆండ్రాయిడ్‌లో, ఒక ఐఫోన్‌లో, ఒక కంప్యూటర్‌లో చూడకుండా సర్టిఫికెట్ ఇవ్వకూడదు.

మూడో పరీక్ష భాష మార్పిడి బటన్. ‘తెలుగు’ అని నొక్కితే మెనూ ఒక్కటే మారి, లోపలి విషయం ఇంగ్లిష్‌లోనే ఉండిపోయే సైట్లు కొల్లలు. ఫారంలో కావాలని తొమ్మిది అంకెల మొబైల్ నంబరు ఇచ్చి, తప్పు చెప్పే సందేశం ఏ భాషలో వస్తుందో చూడాలి. సాయం అత్యవసరమయ్యేది సరిగ్గా అక్కడే, అనువాదం మరచిపోయేదీ అక్కడే. దరఖాస్తు చేసే బటన్ మీద ఇంగ్లిష్ ‘అప్లై’కి అనువాదంగా ‘వర్తించు’ అని ఉంటే, ఆ పేజీని మనిషి చదవలేదని అర్థం.

నాలుగోది వెతుకులాట. సైటులోని వెతికే పెట్టెలో ‘అర్హత’ అని, ఆపై ‘అర్హతలు’ అని, ‘హైదరాబాద్’ అని, ‘హైదరాబాదులో’ అని ఇచ్చి ఫలితాలు పోల్చాలి. మన భాషలో విభక్తి మాటకే అతుక్కుంటుంది కాబట్టి, అక్షరం అక్షరం సరిపోల్చే వెతుకులాట సగం పేజీలను దాచేస్తుంది.

ఇక పేరు రాసే గడి. ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత రాసే మనవారికి, ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అన్న రెండు గడులు తెచ్చే చిక్కు ఇంతా అంతా కాదు. ఇంటిపేరుకు ఒకే అక్షరం ఇస్తే కనీసం రెండు ఉండాలని తిప్పికొట్టే ఫారాలు ఉన్నాయి. విదేశాల్లో ఉన్న తెలుగువారు పాస్‌పోర్టులో ఒకలా, టికెట్టులో ఒకలా ఉన్న పేరుతో పడే అవస్థకు ఈ గడులూ ఒక కారణమే. ‘పూర్తి పేరు’ అని ఒకే గడి పెట్టిన సైటుకు ఇక్కడ పూర్తి మార్కులు వేయవచ్చు.

అయిదో మెట్టు: వేగాన్ని మామూలు ఫోన్‌లో కొలవాలి

గూగుల్ 2020లో ప్రకటించిన కోర్ వెబ్ వైటల్స్ కొలతలు మూడు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోగా కనిపించాలి. నొక్కినప్పుడు స్పందన 200 మిల్లీసెకన్లు దాటకూడదు. ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది. పేజీ తెరుచుకుంటుండగా అందులోని భాగాలు అటూ ఇటూ జరగడాన్ని కొలిచే సూచీ 0.1 దాటకూడదు. ఈ హద్దులను నూటికి 75 సందర్శనలైనా అందుకోవాలి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత పరికరంలో చిరునామా ఇస్తే ఈ అంకెలు వస్తాయి. అందులో పైన కనిపించేది నిజమైన వాడుకరుల అనుభవం, కింద కనిపించే వందకు ఇన్ని మార్కులు ప్రయోగశాల అంచనా. సైటు చేసినవారు గొప్పగా చూపేది సాధారణంగా రెండోదాన్నే, చూడాల్సింది మొదటిదాన్ని. సందర్శకులు తక్కువగా ఉన్న చిన్న సైట్లకు మొదటిది రాదు కాబట్టి, వాటికి మన ఫోనే గతి: ప్రైవేటు ట్యాబు తెరిచి, వైఫై ఆపేసి, సిగ్నల్ అంతంత మాత్రంగా ఉన్న చోట నిలబడి చూడాలి.

పేజీ జరగడం అంకెగా చెబితే చిన్నగా వినిపిస్తుంది. ‘జాబితా చూడండి’ అన్న లింకు మీదికి బొటనవేలు దిగుతున్న క్షణంలో పైన ఒక ప్రకటన వచ్చి చేరి, లింకు కిందికి జారి, వేలు ప్రకటన మీద పడుతుంది. కొన్ని సైట్లలో ఇది లోపం, కొన్నిటిలో ఆదాయ మార్గం.

తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో ఎక్కువ స్థలం తీసుకుంటాయి, అందుకే సైటు నిదానం అని ఎవరైనా చెబితే ఒప్పుకోకూడదు. యూనికోడ్ అక్షరాలను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడే మాట నిజమే, అయినా పెద్ద వ్యాసం కూడా వంద కిలోబైట్ల లోపే ఉంటుంది. కెమెరా నుంచి తీసి కుదించకుండా ఎక్కించిన ప్రారంభోత్సవం ఫొటో ఒక్కటే మూడు నాలుగు మెగాబైట్లు తింటుంది.

ఆరో మెట్టు: అందరికీ అందుతుందా?

వికలాంగులతో సహా అందరూ సైట్లను వాడగలిగేలా రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణం ఇందుకు కొలబద్ద. దాని రెండో స్థాయి ప్రకారం మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా 4.5కు 1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3కు 1 చాలు. అక్షరాలను రెండింతలు పెంచినా పేజీ చెదరకూడదు. మన దేశంలో ప్రభుత్వ సైట్లకు 2009లో వచ్చిన మార్గదర్శకాల మూడో కూర్పు 2023లో వెలువడింది. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది కూడా. కనుక ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు.

పరీక్షలకు పెద్ద పరికరాలేమీ వద్దు. ఫోన్ సెట్టింగుల్లో అక్షరాల పరిమాణాన్ని గరిష్ఠానికి పెంచి పేజీ తెరవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి లేత బూడిద రంగు అక్షరాలు చదవగలమేమో చూడాలి. కంప్యూటర్‌లో మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ మీటతోనే ఫారం పూర్తిచేయాలి. ఆ తరువాత తెర చదివి వినిపించే రీడర్‌ను, అంటే ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్‌ను తెలుగు గొంతుతో ఆన్ చేసి, కళ్లు మూసుకొని వినాలి. పేజీ భాష తెలుగు అని లోపలి కోడ్‌లో ప్రకటించకపోతే, కొన్ని రీడర్లు తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడతాయి. బటన్లకు పేర్లు లేకపోతే ‘బటన్, బటన్, బటన్’ అని వినిపిస్తుంది. అక్షరాల బొమ్మ చూసి టైపు చేయమనే క్యాప్చాకు వినే మార్గం లేకపోతే అంధులకు తలుపు మూసినట్టే.

ఏడో మెట్టు: వాడుకరిని ఏమార్చే పనులు

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు జారీచేసి, ఏమార్చే పద్ధతులు 13 రకాలని పేర్కొంది. వాటిలో కొన్నిటిని ఎవరైనా పట్టుకోగలరు. మొదట చూపిన ధరను రాసుకొని, డబ్బు కట్టే చివరి తెర దాకా వెళ్లి పోల్చాలి. మనం అడగని బీమా, విరాళం ముందే టిక్ చేసి ఉన్నాయేమో చూడాలి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అన్న హడావుడి పేజీ మళ్లీ తెరిచినా అలాగే ఉందేమో గమనించాలి. చందా చేరడానికి పట్టిన నొక్కులు ఎన్ని, మానుకోవడానికి పట్టినవి ఎన్ని?

వివరాలు అడిగే తీరు కూడా ఇక్కడికే వస్తుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమ్మతి కోరే సందేశాన్ని ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో గానీ చదువుకునే వీలు ఉండాలంటుంది; తెలుగు వాటిలో ఒకటి. అర్హత చెప్పే పేజీ ఆధార్ నంబరు అడిగినా, జాబితా చూపడానికి యాప్ దించుకోమన్నా అక్కడితో ఆగాలి. ఈపాటికే డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఎనిమిదో మెట్టు: మార్కులు కూడవద్దు

ఒక్కో అంశానికి పది మార్కులు వేసి, మొత్తం కూడి, 70 వచ్చింది కాబట్టి మంచి సైటు అనడం చాలా చోట్ల చూస్తాం. ఈ పద్ధతి నాకు సమ్మతం కాదు. మెరుపు వేగం, చక్కటి ఫాంటు, గొప్ప రంగులు కలిసి ఒక తప్పుడు అంకెకు పరిహారం కాలేవు. కొన్ని లోపాలు ఒక్కటి ఉన్నా సైటును తిరస్కరించాలి: యజమాని ఎవరో తెలియకుండా డబ్బో గుర్తింపు వివరాలో అడగడం, డబ్బుకూ ఆరోగ్యానికీ సంబంధించిన సమాచారంలో తప్పు, ప్రకటనను బటన్‌లా వేషం కట్టించడం, వచ్చిన పని మామూలు ఫోన్‌లో పూర్తికాకపోవడం. మిగతావన్నీ మరమ్మతుకు లొంగేవే. వాటిని ఎందరికి ఇబ్బంది కలుగుతుందన్న వరుసలో పేర్చాలి. తెగిన ‘ట్ర’ ఒత్తు రెండు వరుసల కోడ్‌తో సరిపోతుంది, పీడీఎఫ్‌లన్నీ యూనికోడ్‌లోకి మార్చడానికి నెలలు పడుతుంది.

లోపాల చిట్టా రాసేటప్పుడు ‘సైటు సరిగా పనిచేయడం లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పేజీ చిరునామా, ఫోన్ రకం, బ్రౌజర్, నెట్‌వర్క్, తేదీ, సమయం, ఏం నొక్కారు, ఏం జరగాలి, ఏం జరిగింది, పక్కన స్క్రీన్‌షాట్ ఉండాలి. ‘జిల్లా ఎంచుకున్నాక మండలాల జాబితా ఖాళీగా వచ్చింది, ఆండ్రాయిడ్ ఫోన్, క్రోమ్, మొబైల్ డేటా, వైఫైలో మాత్రం వచ్చింది’ అని రాస్తే, మరమ్మతు చేసేవారికి సగం పని తగ్గుతుంది. సరిచేశామని కబురు వచ్చాక అదే ఫోన్‌లో, అవే మూడు ప్రశ్నలతో, ఆ సైటును ఇంతవరకూ చూడని మరో మనిషి చేత పరీక్ష చేయించాలి. మొదట చేసినవారికి దారి తెలిసిపోయి ఉంటుంది కనుక వారి చేత మళ్లీ చేయిస్తే లోపం ఉన్నా బయటపడదు.